మగపిల్లల ముస్తాబుకు అడ్డేమిటి?

థీమ్ పార్కుల్లో పిల్లలకు వేషం కట్టి, జుట్టు అలంకరించి, ముఖానికి రంగులద్దే దుకాణాల్లో అందరికన్నా పేరున్నది డిస్నీ సంస్థ నడిపే బిబ్బిడి బాబిడి బుటీక్. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2006లో ఇది మొదలైంది. మరుసటి ఏడాది అక్కడి సిండరెల్లా కోటలోనే ఇంకో శాఖ వెలిసింది. 2009లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కూ వచ్చింది. 3 నుంచి 12 ఏళ్ళ మధ్య పిల్లల కోసమే ఈ ఏర్పాటు. బిడ్డను ఎత్తయిన కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం కనబడకుండా వెనక్కి తిప్పి, సిండరెల్లా కథలోని ఫెయిరీ గాడ్‌మదర్ దగ్గర విద్య నేర్చుకుంటున్నట్టు వేషం వేసుకున్న ఉద్యోగిని పని మొదలుపెడుతుంది. జుట్టు బిగించి ముడి వేస్తుంది, మెరుపుపొడి చల్లుతుంది, గోళ్ళకు రంగు వేస్తుంది, కిరీటం పెడుతుంది. అంతా అయ్యాక కుర్చీని అద్దం వైపు తిప్పుతుంది. ఆ క్షణంలో బిడ్డ ముఖం చూడడానికే తల్లిదండ్రులు ఎంతో ముందుగా బుక్ చేసుకుంటారు.

అదే దుకాణంలో మగపిల్లల కోసమని పెట్టింది యోధుడి ప్యాకేజీ. జెల్ రాసి జుట్టు సర్ది, చేతికో కత్తి, ఒక డాలు ఇస్తారు. కోవిడ్ విరామం తర్వాత 2022 ఆగస్టులో దుకాణం మళ్ళీ తెరిచేనాటికి దీని ధర 20 డాలర్ల దరిదాపుల్లో ఉంది. రాకుమారి ప్యాకేజీలు వంద డాలర్ల దగ్గర మొదలై, గౌనుతో కలిపితే రెండు వందల దాకా వెళ్ళేవి. ఈ అంతరం డబ్బుది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆడపిల్ల మీద ఒక మనిషి చాలాసేపు శ్రద్ధ పెడుతుంది. మగపిల్లాడికి ఒక వస్తువు చేతిలో పెట్టి పంపుతారు.

ఈ అంతరాన్ని సమర్థించే అభిప్రాయం ఒకటి లోకంలో బలంగా పాతుకుపోయింది. మగపిల్లలకు ముస్తాబంటే గిట్టదని, వాళ్ళకు కావలసింది కత్తీ పోరాటమూ అని ఒక మాట. పార్కులు వ్యాపార సంస్థలు కాబట్టి గిరాకీ ఉన్నదే అమ్ముతాయని రెండో మాట. కాదని మగపిల్లాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెడితే వాడి తీరే మారిపోతుందని మూడోది. ఈ మూడూ ఒకదానికొకటి దన్నుగా నిలబడడం వల్ల గట్టిగా కనిపిస్తాయి. విడదీసి చూస్తే ఏ ఒక్కటీ నిలవదు.

మొదటి మాటను తోసిపుచ్చిన రుజువు డిస్నీ పార్కులోనే ఉంది. 2009లో ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ పడవ సవారీ పక్కనే, పైరేట్స్ లీగ్ అనే దుకాణం తెరిచారు. సముద్రపు దొంగల వేషాలు కట్టడమే దాని పని. లోపలికి వచ్చిన పిల్లవాడికి ముందు ఒక దొంగ పేరు పెట్టేవారు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి ముఖానికి రంగు పూసి, కళ్ళ చుట్టూ నల్లటి గీతలు దిద్ది, బుగ్గ మీద కత్తిగాటు గీసి, మీసమో గడ్డమో వేసి, తలకు గుడ్డ కట్టి, చెవికి పోగు తగిలించి, కంటికి గంత కట్టేవారు. ప్రమాణం చేయించి, నిధి దాచిన గదిలో ఫోటో తీసేవారు. వేషాలు వేసుకున్న పిల్లలంతా కలిసి అడ్వెంచర్‌లాండ్ వీధుల్లో ఊరేగింపుగా వెళ్ళేవారు. ఆడపిల్లలూ, పెద్దవాళ్ళూ కూడా వచ్చేవారు గానీ, మగపిల్లల తల్లిదండ్రులు ఆ దుకాణాన్ని తమకోసమే తెరిచినట్టు ఆదరించారు. 2020లో కోవిడ్‌తో పార్కు మూతపడేదాకా, పదేళ్ళకు పైగా, అది నడిచింది. పార్కు మళ్ళీ తెరిచాక అది మాత్రం తెరుచుకోలేదు.

ఆ పదేళ్ళలో వేలాదిమంది మగపిల్లలు ఆ కుర్చీల్లో కదలకుండా కూర్చున్నారు. నిమిషం స్థిరంగా ఉండలేరని పేరుపడ్డ నాలుగేళ్ళ, అయిదేళ్ళ వాళ్ళు కంటికి కాటుక దిద్దించుకున్నారు, చెవికి పోగు పెట్టించుకున్నారు, గిల్టు మెరుపులు పూయించుకున్నారు. ఇందులో దేనికీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కారణం తేలిక. 2003లో వచ్చిన పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ సినిమాలో కాటుక కళ్ళతో, జుట్టుకు పూసలతో, వేళ్ళకు ఉంగరాలతో కనిపించిన జాక్ స్పారో అప్పటికే పిల్లల నాయకుడు. రాకుమారి కంటికి పెట్టే కాటుకా సముద్రపు దొంగ కంటికి పెట్టే కాటుకా ఒక్కటే. ఒకదాన్ని ముస్తాబన్నారు, రెండోదాన్ని సాహసమన్నారు. మగపిల్లలకు ముస్తాబు గిట్టదన్నదే నిజమైతే ఆ దుకాణం మొదటి ఏడాదే మూతబడి ఉండేది.

రెండో మాట గిరాకీ గురించినది. గిరాకీ దానంతటదే పుట్టి సంస్థ గుమ్మం ముందు నిలబడిందన్నట్టు దీన్ని చెబుతుంటారు. జరిగింది వేరు. డిస్నీ రాకుమార్తెలందరినీ ఒకే పేరు కింద చేర్చి అమ్మడం 2000లో మొదలైంది. అప్పటి వస్తు విక్రయ విభాగాధిపతి ఆండీ మూనీ, మంచుమీద ఆడే డిస్నీ ప్రదర్శన ఒకటి చూడడానికి వెళ్ళి, ఇంట్లో కుట్టిన గౌన్లు వేసుకొచ్చిన చిన్నారులను చూశాడు. ఆ గౌన్లు తామే ఎందుకు అమ్మకూడదన్న ఆలోచన అక్కడ పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన బొమ్మలు, గౌన్లు, కిరీటాల వ్యాపారానికి పార్కులో కట్టిన కొలువుకూటమే బుటీక్.

ఇక మగపిల్లల సంగతి. వాళ్ళను ఆకట్టుకోవడానికి అదే సంస్థ 2009లో డిస్నీ ఎక్స్‌డీ అనే చానల్ పెట్టింది. అదే ఏడాది సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను, 2012లో దాదాపు అంతే మొత్తానికి స్టార్ వార్స్ తీసిన లూకాస్‌ఫిల్మ్‌ను కొనేందుకు ఒప్పందాలు చేసుకుంది. ఇంత డబ్బు పోసి తెచ్చిన వీరులతో మగపిల్లలకు ఏం అమ్మాలో ఆ సంస్థే నిర్ణయించింది. 2019లో పార్కుల్లో తెరిచిన స్టార్ వార్స్ ప్రాంతంలో, ముక్కలు ఏరుకుని సొంతంగా లైట్‌సేబర్ కత్తి తయారు చేసుకునే కార్యశాల పెట్టి, దానికి 200 డాలర్ల ధర కట్టింది. మగపిల్లల కోసం డబ్బు ఖర్చు పెట్టే తల్లిదండ్రులు లేరనడానికి ఇక వీల్లేదు. రెండు వందలు పెట్టి కత్తి కొనిచ్చే నాన్న, కొడుకు ముఖాన్ని అరగంటసేపు శ్రద్ధగా దిద్దే మనిషికి డబ్బివ్వడని సంస్థ ఎలా తేల్చింది? అమ్మి చూసిన ఒక్క చోటా అమ్ముడుపోయింది. అయినా మూసిన తలుపు తెరవలేదు.

గిరాకీ వాదాన్ని అన్నిటికన్నా సూటిగా బద్దలుకొట్టిన ఘటన 2017లో పారిస్ డిస్నీలాండ్‌లో జరిగింది. ఫ్రోజెన్ సినిమాలోని ఎల్సా అంటే ప్రాణమిచ్చే మూడేళ్ళ బ్రిటిష్ బాలుడికి, ఒకరోజు రాకుమారిగా అలంకరించే సేవ బుక్ చేయబోయింది వాళ్ళమ్మ. మగపిల్లలకు ప్రస్తుతం ఆ అవకాశం లేదని జవాబొచ్చింది. ఆమె దాన్ని బయటపెట్టడంతో పత్రికలకెక్కింది. సంస్థ క్షమాపణ చెప్పి, ఆ జవాబు ఒక ఉద్యోగి సొంతంగా ఇచ్చినదని, 3 నుంచి 12 ఏళ్ళ పిల్లలందరికీ ఆ సేవ అందుబాటులో ఉందని ప్రకటించింది. ఇక్కడ గిరాకీ ఉంది. డబ్బు చేతిలో పట్టుకుని తల్లి నిలబడి ఉంది. సంస్థ నియమంలోనూ అడ్డు లేదు. అడ్డొచ్చింది గుమ్మం దగ్గరున్న మనిషి తలలోని నమ్మకం. ఇలా తిప్పి పంపేసిన పిల్లలు ఏ లెక్కల్లోకీ ఎక్కరు. అడగడానికే జంకి ఊరుకున్న తల్లులు అసలే ఎక్కరు. ఆ ఖాళీ అంకెను చూపించి మగపిల్లలు రావడం లేదంటున్నారు.

మగవాడికీ అలంకారానికీ పడదన్నది సృష్టిధర్మమేమీ కాదని దుస్తుల చరిత్ర చెబుతుంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1653లో, పద్నాలుగేళ్ళ వయసులో, బంగారు కిరణాలు తొడుక్కుని సూర్యుడి వేషంలో ఆస్థాన నృత్యంలో ఆడాడు. సూర్యరాజన్న పేరు ఆయనకు స్థిరపడడంలో ఆ వేషానికి భాగముంది. 1701లో రిగో గీసిన చిత్రపటంలో ఎర్రమడమల జోళ్ళు, పట్టు మేజోళ్ళు, పొడవాటి ఉంగరాల విగ్గుతో కనిపించేదీ ఆయనే. అమెరికాకు అధ్యక్షుడై రెండో ప్రపంచ యుద్ధం నడిపిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండున్నరేళ్ళప్పటి ఫోటో ఒకటుంది. తెల్లటి గౌను, భుజాల దాకా జుట్టు, ఒళ్ళో ఈకల టోపీ. 1880ల నాటి సంపన్న కుటుంబాల్లో పసివాళ్ళందరి ఉడుపూ అదే. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా మగబిడ్డలు గౌన్లలోనే తిరిగి, నాలుగైదేళ్ళు దాటాక లాగులు తొడుక్కునేవారు. నీలం మగవాడికి, గులాబీ ఆడపిల్లకు అన్న విభజన బట్టల దుకాణాల్లో గట్టిపడింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

ఈ పార్కులున్న ఓర్లాండోకో అనాహైమ్‌కో పిల్లల్ని తీసుకెళ్ళే తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ లేవు. మగపిల్లాడికి ఈ సింగారాలేమిటని ఆ గుమ్మం ముందు వెనక్కి తగ్గే నాన్నలూ, తాతలూ అది తమ సంప్రదాయం మాటే అనుకుంటారు. సంప్రదాయం ఇంకోలా ఉంది. తెలుగు ఇళ్ళల్లో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగబిడ్డకు జడ అల్లి, పూలు ముడిచి, గాజులు తొడిగి, పరికిణీ కట్టి ఫోటో తీయించడం మొన్నమొన్నటి దాకా మామూలు ముచ్చట. కాటుకా, బుగ్గన దిష్టిచుక్కా ఏ బిడ్డకైనా ఒకటే. కృష్ణాష్టమికి నెమలిపింఛం, నడుముకు వడ్డాణం, కాళ్ళకు గజ్జెలు కట్టించుకోని పిల్లాడు వీధిలో కనిపించడు.

పెద్ద కళల్లోకి వెళ్తే ఈ సంగతి ఇంకా గట్టిగా కనిపిస్తుంది. కూచిపూడి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమంగా చెప్పుకుంటారు. ఆ వేషంతోనే వేదాంతం సత్యనారాయణ శర్మ దేశమంతటా పేరు పొందారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. స్త్రీ పాత్రలతో రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావుకు 1956లోనే ఆ గౌరవం దక్కింది. కాలేజీ నాటకంలో ఆడవేషం వేస్తూ మీసం తీయనని మొరాయించి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న ఎన్టీ రామారావు, 1963లో నర్తనశాలలో బృహన్నలగా నటించి ప్రేక్షకుల మెప్పు పొందారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, ఆడవేషంలో మొక్కు తీర్చుకోవడం ఏటా జరిగేదే. పసిపిల్లలకూ వేషాలు కట్టిస్తారు. ఆ జాతర వేషంలో కథానాయకుడు చీరకట్టి ఆడిన పుష్ప రెండో భాగాన్ని 2024లో కుటుంబాలు కుటుంబాలుగా వెళ్ళి చూశాయి. ఇంత చూసిన జాతి పార్కులో బిడ్డ నెత్తిన కిరీటాన్ని చూసి జంకడానికి ఏ ఆధారమూ లేదు.

మూడో మాట భయానిది. దీన్ని వెక్కిరించి తోసేయడం న్యాయం కాదు. బిడ్డను రేపు బడిలో ఏడిపిస్తారేమోనన్న బెంగ అందులో కలిసి ఉంటుంది. అయితే వేషం వల్ల పిల్లవాడి తీరు మారిపోతుందన్నది వేరే వాదన. అది పిల్లల మనసు పనిచేసే విధానానికి పొసగదు. తాను ఆడో మగో బిడ్డకు రెండు మూడేళ్ళకు తెలుస్తుంది. బట్టలు మార్చినా జుట్టు మార్చినా అది మారదన్న గ్రహింపు మాత్రం ఆరేడేళ్ళకు గానీ గట్టిపడదని మానసిక శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో ప్రతిపాదించాడు. అంటే గౌను వేసుకుంటే అమ్మాయినైపోతానేమో అన్న అయోమయం పసివాడి వయసుకు సహజం. చిత్రమేమిటంటే, వేషం మనిషిని మార్చేస్తుందని భయపడే పెద్దలు ఆ పసి అయోమయాన్నే సత్యమని బలపరుస్తున్నారు. మానసిక శాస్త్రవేత్త శాండ్రా బెమ్ ఈ విషయం మీద పరిశోధించి 1989లో ఒక వ్యాసం ప్రచురించారు. ఒంటి నిర్మాణంలోని తేడా తెలిసిన చిన్నపిల్లల్లో చాలామంది బట్టలూ విగ్గులూ చూసి మోసపోలేదు. ఆ తేడా తెలియని పిల్లలే బట్టలను బట్టి ఆడా మగా తేల్చుకున్నారు. పిల్లల్ని గట్టిపరిచేది తెలివిడి. అద్దం ముందు వేషం వేసుకుని, ఇంటికొచ్చి కడుక్కుని, తాను తానుగానే ఉన్నానని చూసుకున్న బిడ్డకు ఆ తెలివిడి చేతికందుతుంది.

రాకుమారి లోకం ప్రభావం మీద బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా కోయిన్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనాన్ని రెండు పక్షాలూ ఉటంకిస్తుంటాయి. 198 మంది చిన్నపిల్లల్ని ఏడాది తేడాతో రెండుసార్లు పరిశీలించారు. ఆ లోకంలో బాగా మునిగినవాళ్ళు ఏడాది తర్వాత, ఆడవాళ్ళ తీరని లోకం అనుకునే ఆటలూ పద్ధతుల వైపు ఎక్కువ మొగ్గారు. ఆడపిల్లల విషయంలో ఇది ఆలోచించదగ్గ సంగతే. మగపిల్లల విషయంలో మాత్రం, తల్లిదండ్రులు పక్కన కూర్చుని మాట్లాడుతూ చూపించిన చోట, తమ ఒంటి మీద తమకుండే మంచి భావనా ఇతరులకు సాయపడే గుణమూ దీనితో జతపడి కనిపించాయి. అదే బృందం పిల్లలు పెద్దవుతుండగా పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, చిన్నప్పుడు రాకుమార్తెలను ఇష్టపడ్డ పిల్లలు మగతనమంటే ఏడవకపోవడం, ఎదుటివాణ్ణి అణచడం అనే కరుడుగట్టిన భావాలకు దూరంగా ఉన్నట్టు తేలింది. తీరు మారుతుందని భయపడేవాళ్ళు ఏ దిశగా మారిందో చూడాలి.

కత్తి విషయానికొస్తే, దాన్ని పిల్లల చేతుల్లోంచి లాక్కోవాలని ఈ వాదనకు ఉద్దేశం లేదు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలకు పదినిమిషాల విసుగు పని ఒకటి అప్పగించి, బ్యాట్‌మ్యాన్ వంటి పాత్రలోకి ఒదిగి చేయమన్నారు. మామూలుగా చేసినవాళ్ళకన్నా వాళ్ళు ఎక్కువసేపు పట్టుదలగా చేశారు. వాళ్ళు ఎంచుకోవడానికి ఇచ్చిన పాత్రల్లో రపుంజెల్ కూడా ఉంది. బలం పాత్రలోకి వెళ్ళడంలో ఉంది. డిస్నీ పార్కుల్లో 2020 దాకా నడిచిన స్టార్ వార్స్ జెడై శిక్షణ ఆట కూడా ఇదే చూపింది. గోధుమరంగు అంగీలు తొడిగి, గురువు ముందు నిలబెట్టి, పేరు పేరునా వేదిక ఎక్కిస్తే మగపిల్లలూ ఆడపిల్లలూ కళ్ళార్పకుండా నిలబడ్డారు. యోధుడి ప్యాకేజీలో లేనిది సరిగ్గా అదే. కత్తి ఇస్తారు గానీ, ఆ కత్తి పట్టేవాడు ఎవరో అద్దంలో చూపించరు. పాత్ర లేకుండా చేతికొచ్చిన కత్తి తోబుట్టువు వీపు మీదే పడుతుంది.

మరోవైపు నుంచి వచ్చే అభ్యంతరం మరింత ఆలోచనతో కూడినది. చిన్నపిల్లలకు మేకప్పూ గోళ్ళరంగూ అమ్మడమే తప్పు, ఆడపిల్లల మీద ఇప్పటికే మోపిన ఈ అందాల బరువును మగపిల్లల మీదా వేయడమెందుకని ప్రశ్నిస్తారు. రచయిత్రి పెగ్గీ ఒరెన్‌స్టీన్ 2011లో రాసిన పుస్తకం ఆడపిల్లల తరఫున ఈ ఆవేదనను బలంగా వినిపించింది. అందంగా ఉంటేనే విలువ అన్న పాఠం ఏ బిడ్డకూ వద్దు. కానీ ఆ పాఠం ఎక్కడినుంచి వస్తోంది? సింగారాన్ని ఆడపిల్లకు విధిగా, మగపిల్లాడికి నిషేధంగా పంచిపెట్టడం నుంచే వస్తోంది. కుర్చీలో అన్నా చెల్లెలూ పక్కపక్కన కూర్చుని, ఆమె సముద్రపు దొంగగా అతను మంచురాణిగా, లేక అటూ ఇటుగా దిగివచ్చిన రోజున ముస్తాబు తిరిగి ఆటగా మారుతుంది. ధరలు అన్యాయమన్న మాట నిజమే, ఆ అన్యాయం పిల్లలందరి తల్లిదండ్రులకూ సమానంగా వర్తిస్తుంది. దాన్ని సాకుగా చేసి మగపిల్లలను మాత్రమే గుమ్మం బయట నిలబెట్టడానికి వీలుండదు.

2022లో బుటీక్ మళ్ళీ తెరిచినప్పుడు అక్కడి ఉద్యోగుల హోదా పేరులోంచి ఆడ మగ సూచన తీసేసి, శిష్యులు అన్న మాటతో సరిపెట్టారు. మరుసటి ఏడాది డిస్నీలాండ్ బుటీక్‌లో మీసమున్న ఉద్యోగి ఒకరు ఆ శిష్యుల గౌను వేసుకుని పిల్లల్ని స్వాగతించిన వీడియో బయటికి రాగానే పెద్ద రభస చెలరేగింది. వీడియో చూసి ఆగ్రహించిన పెద్దలు రాసిన దాంట్లో పిల్లలకు ఏం నష్టం జరిగిందో చెప్పిన మాట కనబడదు. హోదా పేరు మారడం మంచిదే, అది చాలదు. యోధుడి ప్యాకేజీలో ఇచ్చే కత్తిని అలాగే ఉంచి, దానికి రాకుమారి కుర్చీలో పట్టేంత సమయం, అంతే నైపుణ్యం, అద్దం వైపు అదే మలుపు చేర్చాలి. పైరేట్స్ లీగ్ వంటి దుకాణాన్ని మళ్ళీ తెరవాలి. ప్యాకేజీలన్నిటినీ ఒకే పట్టికలో, ఎవరిదో ముద్ర లేకుండా రాయాలి. బుకింగు దగ్గర కూర్చునే ప్రతి ఉద్యోగికీ 2017 నాటి జవాబు ఇవ్వకూడదని ముందే నేర్పాలి.

తల్లిదండ్రుల వంతు పని ఇంతకన్నా చిన్నది. పార్కుకు వెళ్ళేముందు ప్యాకేజీల బొమ్మలన్నీ పిల్లవాడి ముందు పరిచి, ఏది కావాలో వాణ్ణే అడగండి. కత్తి కావాలంటే కత్తి, కిరీటం కావాలంటే కిరీటం, ఏదీ వద్దంటే ఏదీ వద్దు. వాడు చెప్పిందే బుక్ చేయండి.